రెండోసారి చూస్తే దోషి మారిపోతున్నాడు

జపాన్ యానిమేషన్ చిత్రం ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ను మొదటిసారి చూసినవాళ్లు ఇంచుమించు అందరూ ఒకే మనిషిని తిట్టుకుంటారు. ఇల్లు కాలిపోయి, తల్లి చనిపోయి తన గుమ్మంలోకి వచ్చిన ఇద్దరు పిల్లలకు కడుపునిండా అన్నం పెట్టని అత్తను. అదే చిత్రాన్ని కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూసినవాళ్లలో చాలామంది ఆ కోపాన్ని పద్నాలుగేళ్ల పిల్లాడి మీదికి మళ్లిస్తారు. వాడు కాస్త తలొంచుకుని ఉంటే చెల్లెలు బతికేది కదా అంటారు. మొదటి అభిప్రాయం కన్నీళ్ల మధ్య పుట్టింది కాబట్టి తేలికైనదనీ, రెండోది తీరిగ్గా ఆలోచించి ఏర్పరచుకున్నది కాబట్టి బరువైనదనీ మనకో నమ్మకం. ఈ ఒక్క సినిమాను దగ్గర పెట్టుకుని చూసినా ఆ నమ్మకం నిలవదు. మళ్లీ చూసినప్పుడు అభిప్రాయం మారడం మంచిదే. కానీ దాన్ని మార్చింది తెరమీది దృశ్యమా, ఈలోగా మారిన మన వయసూ మన కాలమా అన్నది తేల్చుకోకుండా ఆ మార్పుకు పెద్దరికం కట్టబెట్టకూడదు.

ఇసావో తకహాత దర్శకత్వంలో స్టూడియో జిబ్లి తీసిన ఈ చిత్రం 1988 ఏప్రిల్ 16న విడుదలైంది. హయావో మియజకి తీసిన ‘మై నైబర్ తొతోరో’తో జత చేసి, ఒకే టికెట్టు మీద రెండు సినిమాలుగా వేశారు. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన కుటుంబాల మీద ఇంత దయలేని ఏర్పాటు సినిమా చరిత్రలో మరొకటి ఉండకపోవచ్చు. దీనికి మూలం అకియుకి నొసాక 1967లో రాసిన కథ. నవోకి పురస్కారం అందుకున్న రచన అది. 1945 జూన్ 5న కోబె నగరం మీద అమెరికా బీ-29 విమానాలు నిప్పు బాంబులు కురిపిస్తాయి. పద్నాలుగేళ్ల సెయిత, నాలుగేళ్ల సెత్సుకో తల్లిని పోగొట్టుకుంటారు. తండ్రి నౌకాదళ అధికారి, ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. పిల్లలు నిషినోమియాలో దూరపు చుట్టమైన అత్త ఇంటికి చేరతారు. అక్కడ పొసగక చెరువు పక్కన, బాంబు దాడుల్లో తలదాచుకునేందుకు గట్టులోకి తవ్విన షెల్టర్‌లో కాపురం పెడతారు. తిండి లేక చెల్లెలు పోతుంది. సెప్టెంబర్ 21 రాత్రి సన్నోమియా రైల్వే స్టేషన్లో అన్న కూడా పోతాడు. ఈ చివరి సంగతి దాచిపెట్టిన మలుపేమీ కాదు. సినిమా మొదలయ్యేదే అక్కడ. తాను ఏ రోజున చచ్చిపోయిందీ సెయిత తన నోటితోనే చెబుతాడు. కాబట్టి తర్వాత ఏమవుతుందన్న ఉత్కంఠ మొదటిసారి చూసేవాడికీ లేదు, రెండోసారి చూసేవాడికీ లేదు.

మొదటి అభిప్రాయానికి ఆధారాలు లేవని కాదు. అత్త ఇంట్లో భోజనాల దృశ్యం ఒకటుంది. కుండలో పలచటి బియ్యపు జావ. పనికి వెళ్లే కూతురికీ, ఇంట్లో ఉంటున్న కుర్రాడికీ ఆవిడ గరిటెను అడుగుదాకా దించి మెతుకులు తేల్చి పోస్తుంది. సెయిత గిన్నె వంతు వచ్చేసరికి గరిటె పైపైనే తిరుగుతుంది, తేట మాత్రమే పడుతుంది. ఎవరూ గొంతు పెంచరు. కెమెరా గరిటె మీద పట్టి ఉంచదు, సంగీతం కూడా హెచ్చరించదు. బంధువుల ఇళ్లలో పెరిగిన పిల్లలు ఏ దేశంలోనైనా ఇట్టే గుర్తుపట్టే దృశ్యమిది. ఆ బియ్యమైనా ఎక్కడిది? చనిపోయిన తల్లి కిమోనోలు అమ్మగా వచ్చింది. అమ్మించింది అత్తే, వచ్చిన దాంట్లో వాటా తీసుకున్నదీ అత్తే. అంతకుముందు, కాలిపోయిన ఇంటి పెరట్లో పాతిపెట్టిన తిండి సామాను సెయిత తవ్వి తెచ్చినప్పుడు ఆవిడ ముఖం విప్పారింది. మిలిటరీ కుటుంబాలకు అన్నీ దొరుకుతాయని మెచ్చుకోలుగా ఓ దెప్పు కూడా విసిరింది. పిల్లలు తెచ్చిందంతా ఇంట్లో కలిసిపోయాక వాళ్లు తిండికి దండగ అయ్యారు. ఇదంతా తెరమీద ఉంది, ఎవరూ కల్పించలేదు. మొదటిసారి చూసి అత్తను తిట్టుకున్నవాడు సినిమాను తప్పుగా చూడలేదు.

అయితే రెండోసారి కంట పడేవి వేరు. సెయిత చేతిలో డబ్బుంది. తల్లి బ్యాంకులో దాచిన ఏడు వేల యెన్‌లు. మొదటిసారి ఏడుస్తూ చూసేవాళ్లకు ఈ అంకె చెవిన పడదు, పడినా నిలవదు. ఆ డబ్బులోంచి కొంత తీసి అతను చేసింది వేరు పొయ్యి పెట్టుకోవడానికి కావలసిన సామాను కొనడం. అత్త ఇంట్లోనే వేరుగా వండుకుంటాడు. తిన్న గిన్నెలు కడగడు. పగలంతా పడుకుంటాడు, చెల్లెలితో ఆడతాడు, సముద్రానికి వెళతాడు. అదే కాలంలో జపాన్‌లో అతని ఈడు విద్యార్థులను బడి మాన్పించి ఫ్యాక్టరీలకు పంపుతున్నారు. తాను పనిచేసిన ఉక్కు కర్మాగారం కాలిపోయిందని అతను చెప్పే జవాబు నిజమే. కానీ ఇంకో పని వెతుక్కోవాలని గానీ, ఇంటి పనిలో చెయ్యి వెయ్యాలని గానీ అతనికి తోచదు. చెల్లెలు ఒంటినిండా పుళ్లతో నీరసించిపోతున్నప్పుడు కూడా అత్త గుమ్మం వైపు అడుగు పడదు. నౌకాదళ అధికారి కొడుకు క్షమాపణ చెప్పుకోవడమా? ఈ అహం సినిమాలో సంభాషణగా ఎక్కడా రాదు. అతను నిటారుగా కూర్చునే తీరులో, మాట పడగానే ముఖం పక్కకు తిప్పుకునే తీరులో ఉంది. అవన్నీ ఒకరు కూర్చుని చేత్తో గీసినవి, అనుకోకుండా కెమెరాలో పడ్డ కదలికలు కావు. అందుకే వాటిని సాక్ష్యంగా తీసుకోవచ్చు.

ఇక్కడిదాకా వచ్చిన ప్రేక్షకుడు, సరే, ఇప్పుడు నాకు నిజం తెలిసింది, తప్పంతా పిల్లాడిదే, అనుకుంటాడు. ఆగాల్సింది ఇక్కడే. ఈ చిత్రాన్ని మళ్లీ మళ్లీ చూడటం జపాన్‌లో ఒక జాతీయ అలవాటు. ఏళ్ల తరబడి ఆగస్టు నెలల్లో, యుద్ధం ముగిసిన రోజులను తలచుకునే సమయంలో, దీన్ని టీవీలో వేస్తూ వచ్చారు. అంటే ఒక దేశం మొత్తం మూడు దశాబ్దాలపాటు ఒకే సినిమాను తిరిగి చూసింది. ఈ కాలంలో అక్కడి అభిప్రాయం అత్త మీద కోపం నుంచి అత్త పట్ల సానుభూతి వైపు జరిగింది. పని చెయ్యనివాడికి తిండెందుకు, అత్త చేసిన అన్యాయమేముంది, ఎవరి బతుక్కి వాళ్లే బాధ్యులు కదా అన్న వాదనలు గట్టిపడ్డాయి. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. మారింది చూసేవాళ్లు బతుకుతున్న కాలం. ఉద్యోగ భద్రత సడలి, పోటీ పెరిగి, ఆదుకోవడం కన్నా ఆరా తీయడం ఎక్కువైన కాలం. విచిత్రమేమంటే తకహాత దీన్ని ముందే ఊహించాడు. సినిమా విడుదలైన 1988లోనే ఒక యానిమేషన్ పత్రికతో మాట్లాడుతూ, కాలం తిరగబడితే ఆ అత్త కన్నా ఎక్కువగా సెయితను దుయ్యబట్టే అభిప్రాయమే పైచేయి అయ్యే రోజు రావచ్చనీ, ఆ ఊహకే తనకు వణుకు పుడుతోందనీ అన్న భావం వెలిబుచ్చాడు. సెయితలో లోపాలు పెట్టింది ఆయనే. కష్టమైన మనుషులతో సర్దుకుపోలేక పక్కకు తప్పుకునే ఆనాటి యువతరం పోలికలు వాడిలో ఉన్నాయని చెప్పిందీ ఆయనే. ఆ లోపాలు చూపించిన మనిషే వాటి ఆధారంగా పిల్లాడికి శిక్ష వేసే సమాజాన్ని చూసి భయపడ్డాడు. రెండోసారి చూసి సెయితను దోషిగా తేల్చినవాళ్లు దర్శకుడు వదిలిన ఆనవాళ్లను సరిగ్గానే పట్టుకున్నారు, ఆయన భయపడిన చోటికే వెళ్లి ఆగారు.

మరి రెండోసారి చూసినప్పుడు కనిపించాల్సిందేమిటి? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ఆధారం ఆ ఎర్రటి వెలుగు. చనిపోయిన సెయిత, సెత్సుకో సినిమా అంతటా అక్కడక్కడా ఎర్రని కాంతిలో కనిపిస్తారు. ఖాళీ రైలు పెట్టెలో కూర్చుని కిటికీలోంచి తమ గతాన్నే చూస్తారు. తల్లి కిమోనోలు పోతున్నాయని చిన్నపిల్ల గుక్కపెట్టి ఏడ్చే చోట, ఓ పక్కన నిలబడిన సెయిత ఆత్మ రెండు చేతులతో చెవులు మూసుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది కవితాత్మకమైన అలంకారంగా దాటిపోతుంది. కథంతా తెలిసి చూస్తే దాని అర్థం పూర్తిగా మారుతుంది. ఈ కథను తిరిగి చూస్తున్న మొదటి ప్రేక్షకుడు సెయితే. తన పొరపాటు ఎక్కడుందో అతనికి మనకన్నా బాగా తెలుసు. అందుకే ఆ ఏడుపు వినలేకపోతున్నాడు. తనను తాను సమర్థించుకోడు, అత్తను నిందించడు. మనం తీరిగ్గా కూర్చుని చెప్పే తీర్పు అతను అప్పటికే అనుభవిస్తున్నాడు. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అలాంటప్పుడు చూపు ఈ ఇద్దరి మీద నుంచి మిగతావాళ్ల మీదికి వెళ్లాలి. రెండోసారి చూడటం వల్ల అసలు లాభం అదే. బియ్యం కోసం సెయిత ఓ రైతు దగ్గరికి వెళతాడు. అమ్మడానికి లేదంటాడు రైతు. ఇప్పుడు అంతా రేషన్ మీదే నడుస్తోంది, వీధి సంఘంలో పేరు లేకుండా బతకడం కుదరదు, ఆవిడ దగ్గరికెళ్లి క్షమాపణ చెప్పుకుని అక్కడే ఉండమంటాడు. మంచి సలహా. సినిమాలో ఎవరైనా చెప్పిన అతి తెలివైన మాట అదే కావచ్చు. సలహా ఇచ్చేసి రైతు తన పనిలో పడతాడు. సెత్సుకోను పరీక్షించిన డాక్టర్ ఇది పోషకాహార లోపమేననీ, బలమైన తిండి పెట్టాలనీ చెబుతాడు. రోగ నిర్ధారణలో తప్పు లేదు. ఆ తిండి ఎక్కడ దొరుకుతుందని సెయిత అరిచే సమయానికి తర్వాతి రోగి వంతు వచ్చేసింది. చెరకు దొంగతనంలో పట్టుబడినప్పుడు పోలీసు అధికారి దయగా మాట్లాడతాడు, మంచినీళ్లు తాగమంటాడు. స్టేషన్లో చావుబతుకుల మధ్య ఉన్న సెయిత పక్కన ఎవరో ఒకావిడ అన్నం ముద్ద పెట్టి వెళుతుంది. వీళ్లెవరూ దుర్మార్గులు కారు. ఎవరి మేరకు వాళ్లు చేశారు. అత్త కూడా ఆ వరసలో మనిషే. అందరికన్నా ఎక్కువ చేసింది ఆవిడే, కనీసం కొన్ని వారాలు పైకప్పు ఇచ్చింది. అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నదీ ఆవిడే. ఒక్క మనిషి కూడా ఈ పిల్లలు ఇక నా పూచీ అనలేదు. ఆ పూచీ ఎవరూ తీసుకోకపోవడం ఆ ఊళ్లో ఎవరికీ వింతగా అనిపించలేదు.

దీన్ని యుద్ధం మీదికి నెట్టేసి ఊరుకోవచ్చు కదా, ఇది యుద్ధ వ్యతిరేక చిత్రమని అందరూ అనేదే కదా అని అడగొచ్చు. తకహాత ఆ బిరుదును ఒప్పుకోలేదు. ఆయన మాట పక్కన పెట్టినా తేదీలు ఒప్పుకోవు. జపాన్ లొంగిపోయింది ఆగస్టు 15న. ఆ సంగతి సెయితకు తెలిసేది బ్యాంకులో, మిగిలిన డబ్బు తీసుకోవడానికి వెళ్లినప్పుడు. ఆ డబ్బుతో అన్నం, గుడ్లు, పుచ్చకాయ కొని తెస్తాడు. సెత్సుకో అప్పటికే గులకరాళ్లను అన్నం ముద్దలనుకునే స్థితిలో ఉంది. అంటే ఆ పిల్ల పోయింది బాంబులు ఆగిపోయాక. సెయిత పోయింది మరో నెల గడిచాక, జనంతో కిటకిటలాడే స్టేషన్లో. అమెరికన్లు వచ్చే వేళకు ఇదేం సిగ్గుచేటు అని గొణుక్కుంటూ మనుషులు అతన్ని దాటిపోతుంటారు. చెల్లెలిని దహనం చేసే ముందు ఇంకో దృశ్యం వస్తుంది. చెరువుకు ఆవలి గట్టున ఉన్న ఇంటికి సంపన్న కుటుంబం అమ్మాయిలు తిరిగొస్తారు, కిటికీలు తెరుస్తారు, గ్రామఫోన్ పెడతారు. యుద్ధం వాళ్లకు ముగిసింది. ఒకే చెరువుకు రెండు గట్లు. ఇక్కడ యుద్ధాన్ని తప్పుపట్టి చేతులు దులుపుకునే వీలు తకహాత మనకు ఉంచలేదు.

తెలుగువాళ్లు లేవనెత్తదగ్గ ఆక్షేపణ మరొకటుంది. జపాన్‌ను అమాయక బాధితురాలిగా చూపించి ఆ దేశం చేసిన దురాగతాలను ఈ సినిమా మరుగుపరుస్తోందన్నది ఆసియా దేశాల్లో చాలాకాలంగా ఉన్న విమర్శ. మనకూ ఆ విమర్శ చేసే హక్కుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది సెయిత తండ్రి పనిచేసిన ఆ నౌకాదళమే. మొదటిసారి చూసినప్పుడు ఈ విమర్శ నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే శత్రువు ముఖం గానీ జపాన్ సైన్యం చేసిన పని గానీ ఎక్కడా కనిపించదు. రెండోసారి మాత్రం మిణుగురుల రాత్రి దగ్గర నిదానించాలి. షెల్టర్‌లో దోమతెర కింద వదిలిన మిణుగురుల వెలుగులో సెయితకు ఒకప్పటి నౌకాదళ కవాతు గుర్తొస్తుంది. తండ్రి ‘మాయా’ అనే క్రూయిజర్ మీద ఉన్నాడని చెల్లెలికి గొప్పగా చెబుతాడు, చీకట్లో యుద్ధగీతం పాడతాడు, లేని శత్రువు మీద తుపాకీ పేలుస్తాడు. పొద్దున్నే మిణుగురులన్నీ చచ్చి పడి ఉంటాయి. సెత్సుకో వాటికి గొయ్యి తవ్వుతూ, అమ్మ కూడా సమాధిలోనే ఉంది కదా అంటుంది. అన్న దాచిపెట్టిన సంగతి అత్త ఎప్పుడో చెప్పేసింది. ఇక్కడ సినిమా బయటి నిజం ఒకటి జోడించుకోవాలి. ‘మాయా’ కల్పిత నౌక కాదు. 1944 అక్టోబర్ 23న అమెరికా జలాంతర్గామి టార్పెడోలకు అది మునిగిపోయింది. పిల్లాడు గొప్పలు చెప్పుకుంటున్న ఆ రాత్రికి ఆ ఓడ సముద్రం అడుగుకు చేరి నెలలు గడిచాయి. సెయిత అహం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఓడలూ కవాతులూ చూపించి ఒక రాజ్యం పిల్లల తలకెక్కించిన గర్వం అది. చెల్లెలి ఆకలి కన్నా బిరుసైనది. జపాన్ పరదేశాల్లో చేసినదాన్ని ఈ చిత్రం చూపించదన్న విమర్శలో నిజముంది, దాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. జపాన్‌ను కడిగిన ముత్యంలా చూపించిందన్నది మాత్రం నిలబడదు.

ఇంతా చేసి ఇది ఏడిపించడానికి తీసిన బొమ్మల సినిమా, దాన్ని కోర్టు కేసులా విచారించడమెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఏడిపించడమే ధ్యేయమైతే ఇన్ని ఆనవాళ్లు పెట్టే అవసరం లేదు. సెయితను మచ్చలేని అన్నగా గీస్తే ఏడుపు ఇంకా సులువుగా వచ్చేది. మూల రచయిత నొసాక కొంతవరకు ఆ పనే చేశాడు. ఆయన పెంపుడు చెల్లెలు ఆకలితో చనిపోయింది. సెయితలా తాను ఆ పిల్లను ప్రేమగా చూసుకోలేదనీ, తిండి తానే తినేశాననీ ఆయన తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు. చెయ్యలేకపోయినదాన్ని కథలోని అన్న చేత చేయించాడు. తకహాత ఆ అన్నను తీసుకుని, అతని మంచితనాన్ని అలాగే ఉంచి, దాని పక్కనే మొండితనాన్నీ నిలబెట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా నగరంలో ఇలాంటి దాడినే తప్పించుకుని బతికిన మనిషి ఆయన. ఆ పిల్లల పట్ల ఆయనకు దయ లేదని ఎవరూ అనలేరు. సెత్సుకో గొంతును నిజంగా ఓ చిన్నపిల్ల చేతే పలికించి, ఆ మాటల తడబాటుకు తగ్గట్టు బొమ్మలు గీయించాడు. ఇంత జాగ్రత్త ఒక్కసారి చూసి కన్నీళ్లు తుడుచుకుని వెళ్లిపోయేవాళ్ల కోసం అయ్యుండదు.

2024 సెప్టెంబర్‌లో ఈ చిత్రం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఒక్కసారి చాలు, మళ్లీ చూసే ధైర్యం లేదు అనేవాళ్లే దీనికి ఎక్కువ. మళ్లీ చూడమనే నా మనవి. అత్తకూ సెయితకూ మధ్య తీర్పు చెప్పే తొందర వస్తే, ఆ రైతు సన్నివేశం దగ్గర ఒకసారి ఆపి, సలహా ఇచ్చాక అతను ఏం చేశాడో చూడండి.